తుఫాన్ల నెలకు ముందే గూడు: పెరటి కోళ్ల పనుల డైరీ

సెప్టెంబరు మూడో వారం: గూడు పరీక్ష

చోటు శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట దగ్గరి పల్లె. ఇంటి వెనక దొడ్డిలో 8 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు గూడు. రాత్రికి చేరే కోళ్లు 18: గ్రామప్రియ పెట్టలు 7, నాటు పెట్టలు 6, వనరాజా పెట్టలు 3, పుంజులు 2. గ్రామప్రియ, వనరాజా పెరటి పెంపకానికి తీసిన మేలు రకాలు. పగలంతా బయట తిరుగుడే కాబట్టి తలకు రెండున్నర చదరపు అడుగులు వచ్చినా పడకకు చాలు. గూడు పాతది. కూల్చకుండా, వానలు పూర్తిగా వెనకపట్టకముందే బాగుచేయడం పని.

గడువు అక్టోబరు 10. ఉత్తరాంధ్ర తీరంలో ఈ తేదీకి ఒక లెక్క ఉంది. 2013లో పైలిన్ అక్టోబరు 12న గోపాలపూర్ దగ్గర, 2014లో హుద్‌హుద్ మళ్లీ అదే అక్టోబరు 12న విశాఖ దగ్గర, 2018లో తిత్లీ అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటాయి. దసరా అయ్యాక తీరిగ్గా చూద్దాంలే అనుకునే పని కాదిది.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. ఈ కాలంలో కోడిని దెబ్బతీసేది చలి కాదు, తడి. మన వైపు నవంబరు చలికి ఎదిగిన కోడికి ఏమీ కాదు, ఒంటి నిండా ఈక ఉంది. చలి అనుకుని గూడు చుట్టూ గోనెపట్టాలు బిగించి, బరకం చుట్టేసి, గాలి ఆడకుండా చేస్తేనే జబ్బు మొదలవుతుంది. రెట్ట నుంచి లేచే ఘాటు, కోళ్ల ఊపిరి తేమ లోపలే ఉండిపోయి తెల్లారేసరికి రేకు లోపలివైపు నీళ్లు కారుతుంటాయి. కళ్లు నీరుకారడం, ముక్కు కారడం, గురక అన్నీ దాని వెనకే వస్తాయి. అందుకే ఈ డైరీలో ప్రతి పనికీ కొలబద్ద ఒకటే: లోపలికి తడి రాకూడదు, లోపలి తేమ పైనుంచి బయటికి పోవాలి.

పరీక్షలో చూసినవి: సరుగుడు గుంజలు ఆరింటిని నేలమట్టం దగ్గర గునపం మొనతో పొడిచి చూశాం. గుంజ కుళ్లేది మట్టిలో లోతున కాదు, పైనా కాదు. తడీ గాలీ రెండూ తగిలే ఆ నాలుగంగుళాల మేరలోనే. పైకి నిగనిగలాడుతున్న గుంజలో కూడా అక్కడ మొన ఇట్టే దిగిపోతుంది. రెండు పోయాయి. రేకు హుక్కుల చుట్టూ తుప్పు. ఉత్తరం వైపు చూరు కింద ఊక గడ్డకట్టింది, అంటే వాన జల్లు అక్కడ పడుతోంది. జాలీ కింద పందికొక్కు తవ్విన బొరియ ఒకటి.

రాత్రి తొమ్మిదిన్నరకు టార్చిలైటుతో మళ్లీ చూశాం. గోమార్లు పగలు కనపడవు. కర్రల బీటల్లో, ఇటుకల సందుల్లో దాక్కుని, కోళ్లు పడుకున్నాక బయటికి వచ్చి రక్తం తాగుతాయి. పగలు పెట్టను పట్టుకుని ఈకలు విప్పి చూసి "ఏమీ లేవు" అనుకునేవాళ్లే ఎక్కువ. కర్ర చివర గోడకు ఆనే చోట వేలితో గీస్తే ఎర్రటి మరక అంటితే అవి ఉన్నట్టే. ఇక్కడ ఉన్నాయి.

సెప్టెంబరు మూడో వారమే: నట్టల మందు

గూడు పని ఒక పక్క, కోళ్ల పని ఒక పక్క నడవాలి. టీకా వేసేందుకు వారం పది రోజుల ముందే నట్టల మందు పడాలి. కడుపునిండా నట్టలున్న కోడికి టీకా వేసినా శక్తి సరిగా పుట్టదు.

పైపరజీన్ అయితే ఆరు వారాలు దాటినదానికి తలకు 100 మిల్లీగ్రాములు, అంతకన్నా చిన్నదానికి 50. సాయంత్రం నీళ్లు తీసేసి, పొద్దున్నే రెండు గంటల్లో తాగేసేటంత నీటిలోనే కలిపి పెట్టాలి. ఎక్కువ నీటిలో కలిపితే సగం మిగిలిపోతుంది, మందు అందదు. ఇది పొడుగు నట్టలకే పనిచేస్తుంది. రెట్టలో బియ్యపు గింజల్లాంటి ముక్కలు కనపడితే అవి బద్దె పురుగులు. వాటికి వేరే మందు, పశువైద్యశాలలో అడిగి తీసుకోవాలి. ఎన్ని రోజులు గుడ్డు తినకూడదో కూడా అక్కడే అడగాలి.

సెప్టెంబరు చివరి వారం: గుంజలు, కప్పు

కొత్త గుంజలు రెండు, 4 అంగుళాల లావు సరుగుడు, 9 అడుగుల పొడవు. పాతిపెట్టేది రెండున్నర అడుగులు. మొదలు నుంచి మూడు అడుగుల మేర, అంటే నేలమట్టం పైన ఇంకో అర అడుగు దాకా, బెరడు తీసి, మంట మీద నల్లబడేదాకా కాల్చి, చల్లారాక తారు రెండు పూతలు. గోతి అడుగున గుప్పెడు కంకర చిప్స్ వేసి గుంజ నిలబెట్టి, చుట్టూ గ్రావెల్ మట్టిని అర అడుగుకు ఒకసారి గునపం మొద్దుతో దిమ్మిస చేశాం. చివర మట్టిని గుంజ చుట్టూ ఎత్తుగా, నీరు బయటికి జారేలా సర్దాలి. గుంజ మొదట్లో గుంటగా వదిలేస్తే కాల్చిన పనంతా వృథా.

గూడు పొడవు తూర్పు పడమరలుగా ఉంది, అలాగే ఉంచాం. దక్షిణం వైపు ఎత్తు 7 అడుగులు, ఉత్తరం వైపు ఐదున్నర. ఈ వాలుకు కారణాలు రెండు. ఈ నెలల్లో గాలీ వానా ఎక్కువగా ఈశాన్యం నుంచే వస్తాయి, తక్కువ ఎత్తు వైపు దాన్ని కాస్తుంది. సూర్యుడు దక్షిణానికి వాలుతూ పోతాడు కాబట్టి అక్టోబరు నుంచి ఎండ దక్షిణం వైపు జాలీ గుండా లోపలి దాకా పడి ఊకను ఆరబెడుతుంది. మే నెలలో నెత్తి మీది ఎండ లోపలికి రాదు. ఒకే కప్పు రెండు కాలాలకూ సరిపోతుంది.

రేకులు 10 అడుగులవి మూడు. చూరు రెండు వైపులా ఒకటిన్నర అడుగు. రెండు అడుగులు పెడితే జల్లు ఇంకా ఆగేది నిజమే గానీ, చూరు ఎంత బయటికి ఉంటే గాలి దాని కింద దూరి పైకెత్తే బలం అంత పెరుగుతుంది. తీరానికి ఇంత దగ్గర ఒకటిన్నరకు మించకూడదు. రేకు పరచడం పడమటి చివర నుంచి మొదలుపెట్టాలి. అప్పుడు తూర్పు రేకు అంచు పడమటి రేకు మీదకు వస్తుంది, అతుకు నోరు గాలికి ఎదురుగా ఉండదు. ఒకదాని మీద ఒకటి రెండు గాడులు ఎక్కాలి.

హుక్కులు 8 మిల్లీమీటర్లవి, కింద రబ్బరు వాషరుతో. రేకు గట్టు మీద బెజ్జం వేయాలి, పల్లంలో వేస్తే ప్రతి చినుకూ ఆ దారినే దిగుతుంది. చూరుల దగ్గర, రెండు పక్క అంచుల్లో గట్టు విడిచి గట్టుకు హుక్కు. మధ్యలో మూడో గట్టుకొకటి చాలు. అంచులకు ఎందుకంత అంటే గాలి రేకును మొదట లేపేది అక్కడే. మూల లేచిందంటే మిగతా రేకు దానంతట అదే ఊడిపోతుంది.

గుంజకూ దూలానికీ మధ్య ఒట్టి మేకులతో సరిపెట్టడం మామూలుగా జరిగేదే. మేకు బరువును కిందికి మోస్తుంది. తుఫాను లాగేది పైకి. అందుకని ప్రతి గుంజ దగ్గరా 10 గేజీ జీఐ తీగను దూలం మీదుగా, గుంజలో వేసిన బెజ్జం గుండా రెండు చుట్లు తిప్పి, కటింగు ప్లేయరుతో మెలిపెట్టి బిగించాం. తీగ కొనను లోపలికి వంచాలి, లేకపోతే ఎగిరే కోడి కంట్లో గుచ్చుకుంటుంది.

అదే వారం: జాలీ, దింపుడు తెర

మూడు వైపులా 4 అంగుళాల ఇటుక గోడ. ఉత్తరం గోడకూ కప్పుకూ మధ్య 8 అంగుళాల ఖాళీ ఎప్పుడూ తెరిచే ఉంటుంది, జాలీ మాత్రం బిగించి. దక్షిణం వైపు రెండు అడుగుల గోడ, ఆ పైన కప్పు దాకా జాలీ. ఆరు మూలల గళ్ల పలచటి కోడి జాలీ కోడిని లోపల ఆపుతుంది గానీ ముంగిసను బయట ఆపదు. కుక్క పళ్లతో లాగితే తెగుతుంది. వాడింది అరంగుళం గళ్ల వెల్డు జాలీ. అంగుళం గళ్లలో గుడ్లు తినడానికి వచ్చే పాములు దూరిపోతాయి. తలుపు ముందు, గోడ లేని చోట, జాలీని నేలలో ఒక అడుగు బయటివైపు పడుకోబెట్టి మట్టి కప్పాం. పందికొక్కు గోడ మొదట్లోనే తవ్వుతుంది, జాలీ తగలగానే వెనక్కి పోయి మళ్లీ తవ్వాలన్న తెలివి దానికి లేదు.

దక్షిణం జాలీకి బరకం తెర. దీన్ని కట్టే తీరులోనే అంతా ఉంది, కాబట్టి వివరంగా. తెరను పైన మేకులు కొట్టి కిందికి వేలాడదీస్తే, వాన రాగానే దించుతాం, పైన మూసుకుపోయి కింద తెరుచుకుంటుంది. గాలి నేరుగా కోళ్ల ఒంటికి తగులుతుంది, పైన తేమ అలాగే నిలుస్తుంది. చేయాల్సింది దానికి సరిగ్గా తలకిందులు. బరకం కింది అంచును రెండు అడుగుల గోడ మీద సన్నటి చెక్కపట్టీతో గట్టిగా బిగించాలి. పై అంచులో అంగుళం పీవీసీ పైపు దూర్చి కుట్టాలి. పైపు రెండు చివర్లకూ తాళ్లు కట్టి, కప్పు కింద రెండు కప్పీల మీదుగా బయటికి తేవాలి. తాడు లాగితే తెర కింది నుంచి పైకి లేస్తుంది. ఎంత మూసినా పైన 8 అంగుళాలు వదిలే ఉండేలా తాడుకు ముడి వేసి ఆపాలి. కప్పీ లేకపోతే పాత నీళ్లపైపు ముక్క అయినా సరిపోతుంది, తాడు ఒరుసుకోకుండా జారితే చాలు. మామూలు రోజుల్లో తెర కిందనే మడతపడి ఉంటుంది. ఎలుకలు ఆ మడతల్లో కాపురం పెడతాయి, వారానికొకసారి దులపాలి.

అక్టోబరు మొదటి వారం: కర్రలు, గుడ్ల పెట్టెలు, ఊక

కోళ్లు ఎక్కి కూర్చునే కర్రలు రెండంగుళాల లావు సరుగుడువి, పై అంచు చిత్రిక పట్టి గుండ్రంగా చేశాం. తలకు 9 అంగుళాల లెక్కన 18 కోళ్లకు పదమూడున్నర అడుగులు కావాలి. ఏడున్నర అడుగుల కర్రలు రెండు వేస్తే సరి. రెండింటి మధ్య 14 అంగుళాలు, రెండూ ఒకే ఎత్తులో, నేలకు రెండు అడుగులు. మెట్లుగా వేస్తే అన్నీ పై కర్ర కోసమే కొట్టుకుంటాయి, ఓడింది వెళ్లి గుడ్ల పెట్టెలో పడుకుంటుంది. వనరాజా బరువు కోడి. రెండు అడుగులకు మించి ఎత్తు పెడితే దూకినప్పుడు పాదం అడుగున దెబ్బ తగిలి, అది చీము గడ్డగా మారుతుంది.

కర్ర చివరలు గోడకు తగలవు. నాలుగు చివర్లా ఇటుకల మీద చిన్న రేకు డబ్బాలు పెట్టి, పొట్టి కాళ్లు వాటిలో నిలబెట్టి, డబ్బాలో రెండు వేళ్ల లోతు కాలిన ఇంజినాయిలు పోశాం. గోమారు గోడ దిగి కర్ర ఎక్కాలంటే ఆ నూనె దాటాలి. అంతకుముందే గోడల సందులన్నీ సిమెంటుతో పూడ్చి, చిక్కటి సున్నం రెండు పూతలు వేశాం. పురుగుమందు కొట్టాల్సి వస్తే కోళ్లూ మేతా గుడ్లూ అన్నీ బయటికి తీసి, సీసా మీద రాసిన మోతాదులోనే కొట్టి, పూర్తిగా ఆరాకే లోపలికి తోలాలి. మొదటిసారి బతికిపోయిన గుడ్లు తర్వాత పిల్లలవుతాయి, కాబట్టి రెండు వారాలకు రెండో విడత తప్పదు.

గుడ్ల పెట్టెలు నాలుగు, నాలుగైదు పెట్టలకు ఒకటి చొప్పున. అడుగు పొడవు, అడుగు వెడల్పు, ముందు 4 అంగుళాల పట్టీ. నేలకు ఒకటిన్నర అడుగు ఎత్తు, అంటే కర్రలకంటే కింద. పెట్టె ఎత్తుగా ఉంటే అందులోనే రాత్రి పడక, రెట్టలో గుడ్డు. లోపల వరిగడ్డి, అడుగున గుప్పెడు వావిలాకు.

ఊక మిల్లు నుంచి పొడిగా ఉన్నది ఆరు గోనెలు తెచ్చాం. మూడంగుళాల మందం పరిచాం, మిగిలినది వానలకు అట్టే ఉంచాం. తవుడు కలిసిన ఊక వద్దు, తేమ పీల్చి బూజు పట్టేది అదే. వారానికి రెండుసార్లు పారతో అడుగు నుంచి తిరగేయాలి. తిరగేసేటప్పుడు, 48 చదరపు అడుగులకు అరకిలో పొడి సున్నం నెలకొకసారి.

తడి పరీక్ష ఇలా. కర్రల కింది ఊకను గుప్పెడు తీసి గట్టిగా పిసికి వేళ్లు విప్పాలి. ముద్దగా నిలిచిపోతే తడి ఎక్కువ, ఆ మేర తీసి కొత్తది వేయాలి. ముద్ద కట్టినట్టే కట్టి వేలు తాకగానే పగిలితే సరిగ్గా ఉంది. అసలు అంటుకోకుండా పొడిపొడిగా రాలితే దుమ్ము రేగి ముక్కులకు పట్టేటంత ఎండిపోయింది. ఘాటు చూడాలంటే నిలబడి కాదు, మోకాళ్ల మీద కూర్చుని కోడి తల ఎత్తులో ముక్కు పెట్టి చూడాలి. ఆ ఎత్తులో కళ్లు చురుక్కుమంటే రాత్రంతా అవి పీల్చింది అదే గాలి.

అక్టోబరు మొదటి వారమే: కొక్కెర టీకా

రాణీఖేత్, మన వాడుకలో కొక్కెర తెగులు. ఎనిమిది వారాలు దాటిన కోళ్లకు ఆర్‌2బి. 100 డోసుల సీసాను 50 మిల్లీలీటర్ల ద్రావకంలో కలిపి, తలకు అర మిల్లీలీటరు, రెక్క కింద చర్మం పైకి లాగి ఆ సందులో వేయాలి. కండలో కాదు. సీసా ఐసు డబ్బాలోనే, నీడలోనే ఉండాలి. కలిపిన మందు రెండు గంటల్లో అయిపోవాలి, మిగిలింది పారేయడమే. 18 కోళ్లకు 100 డోసుల సీసా దండగ అనిపిస్తుంది. వీధిలో నాలుగైదు ఇళ్లవాళ్లు ఒక పొద్దున్నే కలిసి వేయించుకుంటే దండగా లేదు, పక్కింటి కోళ్ల నుంచి మన కోళ్లకు అంటుతుందన్న భయమూ తగ్గుతుంది.

చిన్న పిల్లలకు ఆర్‌2బి వేయకూడదు, అది వాటికే జబ్బు తెస్తుంది. పిల్లలకు 5-7 రోజుల మధ్య లాసోటా కంటిలో ఒక చుక్క, 28వ రోజున మళ్లీ. నీటిలో పెట్టేట్టయితే బ్లీచింగు పడని నీరే వాడాలి, లీటరుకు 5 గ్రాముల వెన్న తీసిన పాలపొడి ముందుగా కలపాలి.

ఈకలు, గుడ్లు, మేత

దొడ్డంతా ఈకలు కనపడగానే కంగారుపడేవాళ్లకు: పగలు తగ్గుతున్నప్పుడు ఏడాది దాటిన పెట్ట పాత ఈకలు రాల్చి కొత్తవి వేసుకుంటుంది. మొదట తల, మెడ, తర్వాత రొమ్ము, వీపు, రెక్కలు, చివర తోక. ఈ వరుసలోనే, కొత్త ఈక మొలకలు ముళ్లలా కనపడుతూ రాలితే అది సహజం. మెడ, తల బాగానే ఉండి వీపు మీద మాత్రం బోడిగా ఉంటే పుంజు తొక్కుడు. మలద్వారం చుట్టూ రాలి చర్మం ఎర్రబడితే పేలు.

ఈ రెండు మూడు నెలలు గుడ్లు తగ్గుతాయి, కొన్ని పెట్టలు పూర్తిగా ఆపేస్తాయి. ఈకలో దాదాపు అంతా మాంసకృత్తే, ఒంట్లోది అటు పోతుంది. ఒట్టి నూకలు, వడ్లు మాత్రమే చల్లితే ఈక రావడం ఆలస్యమై సంక్రాంతి దాకా గుడ్డు కనపడదు. ఈ కాలానికి 10 కిలోల మేత కలిపిన లెక్క:

మొక్కజొన్న నూక 4 కిలోలు, బియ్యం నూకలు కిలోన్నర, తవుడు కిలోన్నర, వేరుశనగ చెక్క కిలో, నువ్వుల చెక్క 800 గ్రాములు, ఉప్పు లేని ఎండు నెత్తళ్ల పొడి 700 గ్రాములు, ఆల్చిప్పల నలుగు 400 గ్రాములు, ఖనిజ లవణ మిశ్రమం 100 గ్రాములు. మాంసకృత్తులు 17 శాతం పైచిలుకు వస్తాయి.

నువ్వుల చెక్క కావాలనే పెట్టింది. ఈక పెరగడానికి కావాల్సిన మెథియోనిన్ వేరుశనగ చెక్కలో తక్కువ, నువ్వుల చెక్కలో ఎక్కువ. మన వైపు నువ్వు పండుతుంది, గానుగ దగ్గర దొరుకుతుంది. ఎండుచేప విషయంలో జాగ్రత్త: ఉప్పు పట్టించిన చేప కోడికి విషమే. కొనేముందు ఒక ముక్క నాలుక మీద పెట్టి చూడాలి. వేరుశనగ చెక్కను విరిచి లోపల చూడాలి, పచ్చగానో బూడిద రంగుగానో బూజు ఉంటే ఆ గోనె మొత్తం వదిలేయాలి. ఎండలో పెడితే బూజు పోతుందిగానీ అది వదిలిన విషం పోదు. వానాకాలం చెక్కతో ఒక్కసారిగా కోళ్లు చచ్చిపోవడం వెనక చాలాసార్లు ఉండేది ఇదే.

మామూలు రోజుల్లో తిరుగుడు కోడికి 50-60 గ్రాములు చాలు. ముసురు పట్టి బయటికి వదలని రోజున 90-100 గ్రాములు పెట్టాలి. పెట్టేవాటికి నలుగు వేరే చిప్పలో అదనంగా. ఈకలు మొలుస్తున్నప్పుడు కోడిని ఊరికే పట్టుకోవద్దు. కొత్త ఈక కాడలో రక్తం ఉంటుంది, విరిగితే కారుతుంది, మిగతావి ఆ ఎరుపు చూసి పొడుస్తాయి.

బల్బు వేసి గుడ్లు పెంచడం గురించి. జూన్‌లో ఇక్కడ పగలు 13 గంటల పైన, డిసెంబరుకు 11 గంటలకు దిగుతుంది. 14 గంటల వెలుతురు ఉంటే గ్రామప్రియ మళ్లీ పెడుతుంది. వేయాలంటే తెల్లవారుజామునే వేయాలి, వారానికి అరగంట చొప్పున ముందుకు జరుపుతూ. రాత్రి వేసి ఠక్కున ఆపితే కోళ్లు చీకట్లో కర్ర ఎక్కలేక నేల మీదే ఉండిపోతాయి. అయితే ఈ గూట్లో బల్బు పెట్టలేదు. నాటు పెట్టలూ అదే గూట్లో ఉన్నాయి, ఈక సగంలో ఉన్నదాన్ని గుడ్డుకు తొందరపెట్టడం సరికాదు. ఆ విశ్రాంతి వాటికి రావాల్సిందే.

దసరా: సంత నుంచి వచ్చే కోళ్లు

దసరాకూ, విజయనగరం సిరిమానుకూ ఇంటింటికీ కోళ్లు దిగుతాయి. పండుగ రెండు రోజులుందనగా సంతలో కొన్న పుంజును దొడ్లో కోళ్లతో కలిపి వదలడమే కొక్కెరకు రాచబాట. సంతలో ఒకే గంపలో పది ఊళ్ల కోళ్లుంటాయి. కోయడానికి తెచ్చినదైనా వేరే గంప కిందే, వేరే నీళ్ల చిప్పతో, మన కోళ్లకు దూరంగా, గాలి అటు నుంచి ఇటు వీయని చోట ఉంచాలి. మన కోళ్లకు మేత వేశాకే దానికి వేయాలి, ముందు కాదు. కోసిన ఈకలూ పేగులూ పెంటకుప్ప మీద పారేయకుండా రెండు అడుగుల గోతిలో సున్నం చల్లి పూడ్చాలి. పెంచడానికి తెచ్చింది మూడు వారాలు విడిగా ఉండాల్సిందే. ఆకుపచ్చ తెలుపు కలిసిన పారుడు, నోరు తెరిచి ఊపిరి, మెడ మెలితిరగడం, వీటిలో ఏది కనపడినా గూటికి చేర్చకూడదు.

వాయుగుండం హెచ్చరిక వచ్చిన రోజు

కప్పు మీదుగా 12 మిల్లీమీటర్ల నైలాను తాళ్లు రెండు, దూలాల వరసన. గూటాలు రెండున్నర అడుగులు, పైకొన గూటికి దూరంగా ఉండేలా వాల్చి దిగగొట్టాలి. నిట్టనిలువుగా కొడితే తడిసిన నేలలో జారి వచ్చేస్తాయి. ఇసుక మూటలు దూలాల మీదే పెట్టాలి, మధ్యలో పెడితే రేకు కుంగి నీరు నిలుస్తుంది. దగ్గరున్న మునగ కొమ్మలు కొట్టేయాలి, అన్నిటికంటే ముందు విరిగేది మునగే.

మేత: 18 కోళ్లకు రోజుకు 1.8 కిలోలు, ఐదు రోజులకు 9 కిలోలు, మూత బిగిసే డ్రమ్ములో. నీళ్లు రోజుకు నాలుగున్నర లీటర్ల లెక్కన 25 లీటర్ల క్యాను. తిత్లీ తర్వాత ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు, మోటారు నీళ్లను నమ్ముకోకూడదు. కోళ్లను మధ్యాహ్నమే లోపలికి తోలాలి, గాలి మొదలయ్యాక చెట్టెక్కినదాన్ని దించలేం. తుఫాను మనకు దక్షిణంగా తీరం దాటుతుంటే గాలి మొదట ఈశాన్యం నుంచి, తర్వాత తూర్పుకు, ఆగ్నేయానికి తిరుగుతుంది. అందుకే దక్షిణం తెర మొదటి నుంచే ఎత్తి ఉంచాలి. ఇంట్లోకి మార్చాల్సి వస్తే గంపకు నాలుగే. ఎక్కువైతే గాలికి పోనివి ఉక్కకు పోతాయి.

తగ్గాక మొదట చేసే పని తడి ఊకంతా ఎత్తి, దాచిన పొడి ఊక పరవడం. తడిసిన మేత ఆరబెట్టి మళ్లీ పెట్టే ఆలోచన వద్దు.

కార్తీకం: మశూచి, పిల్లలు

నీరు నిలిచిన రెండు వారాలకు దోమలు, దోమల వెనక మశూచి. తుర్రాయి మీద, కంటి చుట్టూ పొక్కులు. రెక్క పొరలో రెండు మొనల సూదితో వేసే టీకా ఆరు వారాలు దాటినవాటికి ఇప్పటికే పడి ఉండాలి. వేశాక 7-10 రోజులకు రెక్క విప్పి చూస్తే గుచ్చిన చోట శనగగింజంత వాపో, పెచ్చో ఉండాలి. లేకపోతే టీకా పట్టలేదు, మళ్లీ వేయాలి. ఇది చూడకుండా వదిలేసేవాళ్లే ఎక్కువ. పొక్కు వచ్చినదానికి పెచ్చు పీకొద్దు, అయోడిను మందు అద్దితే చాలు. గొంతులో తెల్లటి పొర వస్తే మేత మింగలేదు, దాన్ని వెంటనే పశువైద్యుడికి చూపించాలి.

పొదుగు కూర్చున్న నాటు పెట్ట కింద 10-12 గుడ్లు, వారం లోపు పెట్టినవి మాత్రమే. ఏడో రోజు రాత్రి టార్చికి అడ్డం పెట్టి చూసి నరాలు కనపడనివి తీసేయాలి. నాగుల చవితికి పుట్టలో వేయడానికి నాటు గుడ్లు అడుగుతూ వస్తారు, పొదుక్కి ఏరి ఉంచినవి ముందే వేరే కుండలో సర్దుకోవాలి. పిల్లలు దిగాక మూడు నుంచి ఆరు వారాల మధ్య తడి నేల మీద రక్త పారుడు వస్తుంది. 20 శాతం ఆంప్రోలియం పొడి లీటరు నీటికి 1.2 గ్రాములు, ఐదు నుంచి ఏడు రోజులు. ఆ రోజుల్లో బలానికని బి-కాంప్లెక్స్ కలపకూడదు, మందు పనిచేసేది ఆ విటమిను పురుగుకు అందకుండా చేసే. ఆపాక ఇవ్వొచ్చు.

కార్తీకంలో మాంసం మానేసే ఇళ్లు ఎక్కువ, కోడి ధర పడుతుంది. ఎదిగిన పుంజులను ఇప్పుడు అమ్మడం కంటే మేత పెట్టి మార్గశిరం దాకా నిలబెట్టడమే మేలు.

గూట్లోంచి తీసిన పాత ఊక దొడ్డి మూలన కుప్ప పోసి, బరకం కప్పి ఉంది. రెండు నెలలైనా మగ్గాకే వంగ మడికి వేయాలి, పచ్చిగా వేస్తే వేరు మాడుతుంది.